కఫ్‌గీర్

మా ఛోటే జిద్దా నుంచి వాపస్ వచ్చి ఏడాదిన్నర అవుతోంది. పద్నాలుగేళ్లు అక్కడున్నాడు. వెళ్లింది డ్రైవర్ వీసా మీద. మూడో ఏట నుంచి అక్వేరియంలు సాఫ్ చేసే ఒక చిన్న దుకాణంలో కుదిరాడు. ఎర్ర సముద్రం ఒడ్డున పెద్ద పెద్ద విల్లాలు, వాటి దీవాన్‌ఖానాల్లో గోడంత గాజు తొట్లు, వాటిలో ఉప్పునీటి చేపలు. వ్యాన్‌లో బకెట్లు, పైపులు వేసుకుని ఇంటింటికీ తిరిగి గాజు గీకడం, నీళ్లు మార్చడం వీడి పని. "భాయ్, నేను సముద్రానికి ఝాడూ కొడుతున్న" అని ఫోన్‌లో నవ్వేవాడు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు మా కోటగిరిలో ఏం చేస్తారో మీకు తెలుసు. మొబైల్ షాపు, ఆటో, చికెన్ సెంటర్. అవేవీ నడవకపోతే ఇంకో వీసా. వీడు మాత్రం ఒక జుమ్మా నాడు మస్జిద్ బయట చెప్పులు వేసుకుంటూ, "నిజామాబాద్‌లో సముద్రం పెడ్త" అన్నాడు. దోస్తులు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాం? మాకు తెలిసిన నీళ్లంటే మంజీర, నిజాంసాగర్ కాలువ, అలీసాగర్. మా ఊరి నుంచి ఏ దిక్కు వెళ్లినా సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే.

కానీ వాడి నసీబ్ బాగుండి ఆర్డర్ దొరికింది. నిజామాబాద్‌లో ఒక పిల్లల దవాఖానా. డాక్టర్ సాబ్ ఎప్పుడో దుబాయ్ మాల్‌లో కోటి లీటర్ల అక్వేరియం చూసి వచ్చారట. వెయిటింగ్ హాల్లో తనకూ ఒకటి కావాలి, అదీ సముద్రపు చేపలతో. సుయి పేరు వింటేనే ఏడ్చే పిల్లలు కాసేపు చేపల్ని చూస్తూ మరిచిపోవాలని ఆయన ఆలోచన. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. లెక్క వేస్తే దాదాపు 1,060 లీటర్లు. కింద క్యాబినెట్‌లో సంప్ అని ఇంకో చిన్న తొట్టి. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేసినా మొత్తం నీళ్లు వెయ్యి లీటర్ల పైనే. దానికి 38 కిలోల దాకా ఉప్పు పడుతుంది. ఇంట్లో కూరల్లో వేసే ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం అన్నీ సముద్రంలో ఉన్న పాళ్లలో కలిపిన ఉప్పు. దాన్ని ఫిల్టర్ చేసిన ఆర్వో నీళ్లలో కలపాలి. అమ్మీ ఆ ఉప్పు ధర విని, "ఇంత పైసలు పెట్టి నీళ్లను ఖరాబ్ చేస్తున్నవా?" అంది.

డాక్టర్ సాబ్ రంగురంగుల పగడాలు కూడా కావాలన్నారు. ఛోటే సాఫ్‌గా నక్కో అన్నాడు. మనం చిన్నప్పటి నుంచి సూరె రహ్మాన్‌లో మర్జాన్ అని చదువుకుంటాం కదా, ఆ మర్జానే ఇది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో పగడాలను మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. సముద్రంలోంచి తెచ్చి అమ్మడం జుర్మ్. "చేపలొక్కటే సాబ్. అవి కూడా అయినంత వరకు గుడ్ల నుంచి పెంచినవే" అన్నాడు. తమిళనాడు మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు క్లౌన్ చేపల్ని అట్లా పెంచుతున్నారని నేను చదివి చెబితే వాడికి మహా ఖుషీ అయింది.

ఇక అసలు విషయానికి వస్తా. రంజాన్ మొదటి వారం. నేను నిజామాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటాను. ఆ ఆదివారం కోటగిరి వెళ్లాను. ఇఫ్తార్ అయ్యి, మగ్రిబ్ చదువుకుని దస్తర్‌ఖాన్ దగ్గరే కూర్చున్నాం. ఛోటే నా ముందు మూడు కాగితాలు పెట్టాడు.

"భాయ్, నువ్వు అఖ్‌బార్ వాడివి. ఇంగ్లిష్ సమజ్ అయితది. ఈ మూడిట్ల ఏది కొనాల్నో చెప్పు."

మూడూ ప్రోటీన్ స్కిమ్మర్‌లు.

అదేమిటో నాకు తెలియదు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. సైన్స్ అంతా ఉర్దూలోనే. సర్‌ఫేస్ టెన్షన్‌ను మా సార్ సతహీ తనావ్ అని చెప్పారు. తర్వాత తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరాక దాన్నే తలతన్యత అంటారని తెలిసింది. రెండు భాషల్లోనూ పేరు తెలుసు గానీ, అది దేనికి పనికొస్తుందో ఆ రోజు దాకా తెలియలేదు.

ఛోటే చెప్పడం మొదలుపెట్టాడు. చేపలు తింటాయి, విసర్జిస్తాయి. మిగిలిన మేత కుళ్లుతుంది. అదంతా ముందు అమోనియా అవుతుంది. అది చేపలకు జహర్. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నదిలో అయితే కొట్టుకుపోతుంది, సముద్రంలో అయితే కలిసిపోతుంది. గాజు తొట్టిలో ఎక్కడికి పోతుంది? అందుకని ఆ మురికి కుళ్లకముందే నీళ్లలోంచి తీసేయాలి. స్కిమ్మర్ చేసేది ఆ పని. ఒక నిలువు గొట్టంలోకి నీళ్లు తీసుకుని, సన్నని గాలి బుడగలు లక్షల కొద్దీ వదులుతుంది. నీళ్లలో కరిగిన ప్రోటీన్ లాంటి పదార్థాల అణువుకు రెండు కొసలుంటాయి. ఒకటి నీళ్లతో దోస్తీ చేస్తుంది, రెండోది నీళ్లంటే పారిపోతుంది. ఆ రెండో కొస బుడగలోని గాలి వైపు తల దాచుకుంటుంది. అట్లా బుడగకు మురికి అంటుకుంటుంది. బుడగలు పైకి లేచి నురుగై, సన్నని మెడలోంచి ఎక్కి పైనున్న కప్పులో పడతాయి. కప్పు తీసి పారబోయడమే.

అమ్మీ ఖజూర్ గింజలు ఏరుతూ అంతా వింటోంది. "యఖ్నీ మీద తేలే మైల్ తీసినట్టా?" అంది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అచ్చం అదే. మాంసం, బొక్కలు ఉడకబెట్టినప్పుడు మొదటి పొంగుకు బూడిద రంగు నురుగు తేలుతుంది. దాన్ని తీయకపోతే యఖ్నీ మసకగా అవుతుంది. ఆ నురుగూ ప్రోటీనే. గులాబ్ జామున్ పాకంలో అమ్మీ ఒక చెంచా పాలు పోస్తుంది. పాల ప్రోటీన్ చక్కెరలోని మురికిని పట్టుకుని పైకి తేలుతుంది. దాన్ని తీసే చిల్లుల గరిటెను మా ఇంట్లో కఫ్‌గీర్ అంటాం. చిన్నప్పటి నుంచి అంటున్న మాటే. ఆ రోజు మొదటిసారి దాన్ని విడదీసి చూశాను. ఫార్సీలో కఫ్ అంటే నురుగు, గీర్ అంటే పట్టుకునేది. ఇంగ్లిష్ వాడు స్కిమ్మర్ అన్నదానికి మా వంటింట్లో ఎప్పటి నుంచో పేరుంది.

సరే, ఏ కఫ్‌గీర్ కొనాలి?

మొదటిది 18 వేలు. డబ్బా మీద "1,500 లీటర్ల వరకు" అని ఒక్క ముక్క రాసి ఉంది. రెండోది 42 వేలు. దాని మీద మూడు అంకెలున్నాయి: తక్కువ చేపలుంటే 1,500 లీటర్లు, నడిమి రకానికి 1,100, ఎక్కువ ఉంటే 750. మూడోది 78 వేలు, మూడు వేల లీటర్ల తొట్టికి సరిపోతుందట.

నాకు మొదటిదే బాగుందనిపించింది. వెయ్యి లీటర్ల నీళ్లకు 1,500 లీటర్ల స్కిమ్మర్ చాలు కదా? ఛోటే తల అడ్డంగా ఊపాడు. లీటర్లు కాదు చూడాల్సింది, ఆ నీళ్లలో పడే మేత అన్నాడు. అదే వెయ్యి లీటర్లలో రెండు చేపలుంటే ఒక హిసాబు, పన్నెండుంటే ఇంకో హిసాబు. అందులోనూ ఇది పిల్లల దవాఖానా. ఏ బాబో ఏడిస్తే కాంపౌండర్ తమాషా చూపించడానికి ఇంకో చిటికెడు మేత వేస్తాడు. కాబట్టి "తక్కువ చేపలు" అన్న వరస మనది కాదు, నడిమి వరస చదవాలి. మూడు అంకెలు రాసినవాడు మనకు నిజం చెప్పడానికి కోషిష్ చేశాడు. ఒక్కటే రాసినవాడు అమ్మడానికి రాశాడు.

తర్వాత గాలి. గంటకు ఎన్ని లీటర్ల గాలి లాగుతుంది, దాన్ని ఎంత సన్నగా చేస్తుంది అన్నది ముఖ్యం. సెంటీమీటరు బుడగ ఒకటి తీసుకుని మిల్లీమీటరు బుడగలుగా చేస్తే వెయ్యి అవుతాయి. గాలి అంతే, మురికి అంటుకునే చోటు పది రెట్లు. మంచి స్కిమ్మర్‌లో పంపు చక్రానికి రెక్కలకు బదులు సూదులుంటాయి. అవి తిరుగుతూ గాలిని ఖీమా కొడతాయి. ఇంకో అజీబ్ సంగతి. ఈ పరికరం ఉప్పునీళ్లలోనే సరిగ్గా పనిచేస్తుంది. ఉప్పు ఉన్న చోట బుడగలు ఒకదానిలో ఒకటి కలవవు, చిన్నగానే ఉంటాయి. మంచినీళ్లలో కలిసిపోయి పెద్దవై బుడుక్కున పైకి పోతాయి.

నేను ఫోన్‌లో వెతుకుతుంటే ఒక మంచి పరిశోధన కనబడింది. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ 2009లో స్కిమ్మర్‌లను కొలతపెట్టి చూశారు. నీళ్లలో ఉన్న సేంద్రియ కర్బనంలో అవి తీసేది 20 నుంచి 35 శాతమేనట. మిగతాది నురుగుకు చిక్కే రకం కాదు. అంటే ఎంత ఖరీదైనది కొన్నా మొత్తం మురికి రాదు. నీళ్లు మార్చే మెహనత్ తప్పదు. ఇది చదివి వినిపించి, "చూసినవా, 18 వేలది చాలు" అన్నాను. ఛోటే ఖామోష్‌గా ఉన్నాడు.

అప్పుడు అబ్బా మాట్లాడారు.

మా అబ్బా బోధన్ నిజాం షుగర్స్‌లో పనిచేశారు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న ఫ్యాక్టరీ. క్రషింగ్ సీజన్‌లో ఆయన శక్కర్‌నగర్‌లోనే ఉండేవారు. చెరుకు రసాన్ని శుద్ధి చేసే విభాగం ఆయనది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆయన రిటైరయ్యి చాలా కాలమైంది. కానీ ఆ తర్వాత ఆయన మాట తగ్గింది. సీజన్ రోజుల్లో బోధన్ గాలిలో ఉండే ఆ తియ్యటి కమురు వాసన గురించి కూడా ఎత్తరు. అందుకని ఆయన గొంతు వినగానే మేం సర్దుకుని కూర్చున్నాం.

"ఫ్యాక్టరీల మేం సున్నం వేసి, గంధకం పొగ పట్టించి, మడ్డిని కిందికి దింపుతుంటిమి" అన్నారు. "బెల్లం గానుగ కాడ ఉల్టా. బెండ చెట్టు జిగురు పోసి మడ్డిని పైకి లేపుతరు. మీది గానుగ పని."

ఆయన చిన్నప్పుడు కోటగిరి చుట్టూ చెరుకు పొలాల్లో గానుగలు ఉండేవి. వాళ్ల బడే అబ్బా బెల్లం వండేవారు. మంట ఎక్కువైతే నురుగుతో పాటు రసం కూడా పొంగి నేల పాలవుతుంది. మంట తక్కువైతే తేలిన మడ్డి మళ్లీ రసంలో కలుస్తుంది. "నురుగు పుట్టుడు పెద్ద పని కాదు. అది నిలబడాలె, పైకి ఎక్కాలె. గదే పని. ఇంకోటి. కొంచెం రసాన్ని పెద్ద కడాయిల పోస్తే నురుగు అంచులకు పరుచుకుంటది, గుంపు కట్టదు. గరిటెకు దొరకదు." మూడో కాగితం వైపు వేలు చూపించి, "అది పెద్ద కడాయి" అన్నారు.

ఛోటే కళ్లు మెరిశాయి. జిద్దాలో వాడి ఉస్తాద్ కూడా అదే చెప్పాడట. తొట్టిలో మురికి తక్కువ, స్కిమ్మర్ మెడ వెడల్పు అయితే నురుగు సగంలోనే కూలిపోతుంది, కప్పులోకి రాదు. రెండింతలు పెద్దది కొంటే మంచిదన్న మాట అన్ని చోట్లా నిజం కాదు.

మర్నాడు దవాఖానాకు వెళ్లి టేపుతో కొలిచాం. క్యాబినెట్ లోపలి ఎత్తు 72 సెంటీమీటర్లు. మూడో స్కిమ్మర్ ఎత్తు 68. లోపల పడుతుంది గానీ కప్పు ఎత్తి బయటికి తీయడానికి జాగా లేదు. కప్పు తీయలేని స్కిమ్మర్ మూత తీయలేని దేగ్చీ. రెండోది 54. పైన కప్పు తీసే వీలుంది. అది నిలబడే గదిలో నీళ్ల మట్టం 20 నుంచి 23 సెంటీమీటర్లు ఉండాలి, అదీ ఎప్పుడూ ఒకే తీరుగా. మట్టం మారితే నురుగు ఎత్తు మారుతుంది. సంప్‌లో ఒక అడ్డ గాజు అతికిస్తే ఆ మట్టం నిలుస్తుంది. కరెంటు 25 వాట్లు. చప్పుడు తక్కువ. అరిగిపోతే చక్రం హైదరాబాద్‌లో దొరుకుతుంది. అన్ని లెక్కల్లోనూ రెండోదే.

కానీ డాక్టర్ సాబ్ ఇచ్చిన అడ్వాన్స్ గాజుకు, స్టాండుకు, చిల్లర్‌కు అయిపోయింది. మన ఎండలకు చిల్లర్ లేకుండా ఉప్పునీటి చేపలు బతకవు. నీళ్లు 26 డిగ్రీల దగ్గర ఉండాలి. స్కిమ్మర్‌కు మిగిలింది 18 వేలు. తక్కువ పడింది 24 వేలు.

మెట్లు దిగుతుంటే ఛోటే మెల్లగా అడిగాడు. "భాయ్, నీ దగ్గర ఉంటయా? ఆరు నెల్లల్ల ఇచ్చేస్త."

నా దగ్గర ఉన్నాయి. బిడ్డ కాలేజీ ఫీజు కోసం జమ చేసినవి. ఫీజుకు ఇంకా నాలుగు నెలలుంది. అయినా నా నోట్లోంచి "లేవురా, ఈ నెల చాలా తంగీ ఉంది" అన్న మాట వచ్చింది. రోజా ఉండి అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో ఆ రాత్రి తరావీహ్‌లో నిలబడి కూడా ఆలోచించాను. చేపల మీద పైసలు పెట్టడం ఇస్రాఫ్ అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. వీడి సముద్రం మీద నాకు యకీన్ లేదు. పద్నాలుగేళ్లలో మా చెల్లెలి నికాహ్, అబ్బా కంటి ఆపరేషన్, నా బిడ్డ పుట్టినప్పుడు దవాఖానా బిల్లు, ఇవన్నీ వాడి రియాళ్లే. ఆ హిసాబు గుర్తుండీ నేను లేవన్నాను.

వాడు ఇంకేం అడగలేదు. 18 వేలది కొన్నాడు.

ఈద్ ముందే తొట్టిలోకి పదకొండు చేపలు వచ్చాయి. నాలుగు క్లౌన్, రెండు పసుపు రంగువి, మిగతావి చిన్న నీలం డామ్సెల్‌లు. పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి చూసేవాళ్లు. కానీ స్కిమ్మర్ కప్పులోకి ఒక రోజు పలుచటి నీళ్లు వచ్చేవి, మూడు రోజులు ఏమీ వచ్చేది కాదు. దాని నీళ్ల వాల్వ్ ఎంత తిప్పినా నురుగు ఒక చోట నిలిచేది కాదు. నీళ్లు కొంచెం పసుపు తిరిగాయి. ఛోటే వారానికి రెండుసార్లు కోటగిరి నుంచి బండి మీద వచ్చి నీళ్లు మార్చేవాడు.

ఈద్ అయిన పక్షం రోజులకు గాలివాన వచ్చింది. రాత్రి పదకొండుకు కరెంటు పోయింది. దవాఖానాకు జనరేటర్ ఉంది గానీ రాత్రిపూట నడపరు. రెండు గంటలకు వాచ్‌మన్ ఛోటేకు ఫోన్ చేశాడట. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని. వాడు కోటగిరిలో. దారిలో చెట్లు పడ్డాయి. వాడు నాకు ఫోన్ చేశాడు.

"భాయ్, నువ్వు పో. బకెట్ తీస్కో. తొట్టిలకెళ్లి నీళ్లు ముంచి రెండడుగుల పైకెళ్లి పోయ్. మళ్ల ముంచు, మళ్ల పోయ్. ఆపకు. నేనొచ్చేదాక ఆపకు."

వెళ్లాను. హాల్లో చీకటి. వాచ్‌మన్ టార్చ్ పట్టుకున్నాడు. నేను స్టూలు మీద నిలబడి జగ్గుతో ముంచి పోశాను. పడే నీళ్లు గాలిని లోపలికి తీసుకెళ్తాయి. నీళ్లలో కరిగిన మురికిని తింటూ బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. మురికి ఎంత ఎక్కువుంటే ఊపిరికి అంత తక్కువ మిగులుతుంది. స్కిమ్మర్ మురికి తీయడమే కాదు, రాత్రంతా నీళ్లకు గాలి అందించేది కూడా అదే. ఇవన్నీ రంజాన్‌లో వాడు చెబితే విన్నవే. ఇప్పుడు నా చేతులకు అర్థమవుతున్నాయి. టార్చ్ వెలుగులో ఒక క్లౌన్ చేప పక్కకు వాలి, నా జగ్గు దగ్గరికి కొట్టుకొచ్చింది. పోస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు అస్తగ్‌ఫార్ చదివానో లెక్క లేదు.

ఛోటే వచ్చేసరికి ఫజర్ అజాన్ అవుతోంది. తడిసి ముద్దయి ఉన్నాడు. బ్యాగులోంచి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు తీశాడు. ఎక్కడో అప్పు అడిగి తెచ్చాడు. ఐదు చేపలు చచ్చిపోయాయి. ఆరు బతికాయి. పిల్లలు రాకముందే వాడు ఆ ఐదింటినీ ఒక డబ్బాలో పెట్టుకున్నాడు.

"తప్పు కరెంటుది" అన్నాను నేను.

"కరెంటు ఎప్పుడైనా పోతది భాయ్. నీళ్లు సాఫ్ ఉంటే ఇంకో రెండు మూడు గంటలు ఆగుతుండె. కిందీదికి ఉన్న నీళ్లు అవి. జిమ్మేదారీ నాది."

ఆ డబ్బా కోటగిరి తెచ్చి పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాడు. అమ్మీ చూసింది. రంజాన్ అంతా ఫుజూల్ ఖర్చీ, ఫుజూల్ ఖర్చీ అన్న మనిషి. ఆ రోజు నా వైపు తిరిగి, పిల్లిని కట్టేసి తిండి పెట్టని, వదలను కూడా వదలని ఆడమనిషి హదీస్ గుర్తుందా అని అడిగింది. బేజుబాన్ జీవాన్ని నాలుగు గోడల మధ్య పెట్టినప్పుడు దాని నీళ్లు, దాని గాలి మన మీద దాని హక్ అంది. పెట్టుకోకపోతే వేరే సంగతి. పెట్టుకున్నాక అది అమానత్. ఇంకేం అనలేదు.

మర్నాడు 24 వేలు, పైన బ్యాటరీ ఇన్వర్టర్ కోసం ఇంకో తొమ్మిది వేలు కవరులో పెట్టి ఇచ్చాను.

కొత్త స్కిమ్మర్ పెట్టాక ఏడు రోజులు కప్పులో ఒక్క చుక్క లేదు. నేను బేచైన్. డాక్టర్ సాబ్ మంచి మనిషే, అయినా రెండుసార్లు ఫోన్ చేశారు. 42 వేలు కూడా మట్టి పాలేనా అనిపించింది. ఛోటే మాత్రం తొందరపడలేదు. కొత్త ప్లాస్టిక్ గోడలకు తయారీ నాటి నూనె ఉంటుంది, అది నురుగును నిలవనివ్వదు, లోపల సన్నని పొర పట్టేదాకా సబర్ చేయాలి అన్నాడు. అబ్బా కూడా ఫోన్‌లో, "కొత్త కడాయి మొదటి వంటకు మాట వినదు" అన్నారు.

తొమ్మిదో రోజు వాడు వీడియో పంపాడు. మెడలో చిక్కటి నురుగు, మెల్లమెల్లగా, అంగుళం అంగుళంగా ఎక్కుతోంది. అంచు దాటి కప్పులో పడుతోంది. రంగు చాయ్ డికాక్షన్. నేను ఆఫీసులో ఉన్నాను. ఆ వీడియోను నాలుగుసార్లు చూశాను.

అబ్బాను తీసుకెళ్లి చూపించాం. ఆయన హాల్లో చేపల వైపు ఒకసారి చూసి, వంగి క్యాబినెట్ తలుపు తీసి, కింద కూర్చుండిపోయారు. చాలాసేపు నురుగునే చూశారు. వాల్వ్ ఎక్కడుందో అడిగి, పావు చుట్టు కంటే తక్కువ తిప్పించారు. నురుగు కొంచెం కిందికి దిగి గట్టిపడింది. "ఇప్పుడు పొడి నురుగు. నీళ్లు తక్కువ పోతయి" అన్నారు. వెయిటింగ్ హాల్లో ఒక చిన్నపిల్ల వచ్చి ఆయన పక్కన కూర్చుని, "తాతా, అది ఏంది?" అని అడిగింది. ఆయన దానికి బెల్లం వండే సంగతి చెప్పడం మొదలుపెట్టారు. మూడు నాలుగేళ్లలో ఆయన అంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

ఇలాంటి తొట్టి పెట్టుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే, మాకు నుక్సాన్ అయ్యాక తెలిసింది ఇది. ముందు క్యాబినెట్ కొలవండి. డబ్బా మీద పెద్ద అంకె చూడకండి, మీరు వేసే మేత చూడండి. మరీ చిన్నది వద్దు, మరీ పెద్దదీ వద్దు. కరెంటు పోతే గాలి ఎట్లా అని చేపలు తేకముందే ఆలోచించండి. మెడ లోపల జిడ్డు పేరుకుంటే నురుగు ఎక్కదు, రెండు మూడు రోజులకోసారి తుడవాలి. అంత తీరిక లేకపోతే, చేపలు సముద్రంలోనే బాగుంటాయి.

పోయిన వారం ఛోటే నా చేతిలో మూడు వేలు పెట్టాడు. మొదటి కిస్తీ. ఇంకో షోరూమ్ వాళ్లు కూడా తొట్టి అడుగుతున్నారట. నేను వద్దన్నాను. "పద్నాలుగేళ్లు నువ్వు పంపినవి నేను రాసుకున్ననా?" అన్నాను.

"అది ఇంటి పైసలు. ఇది ధందా పైసలు. పట్టు" అన్నాడు.

దవాఖానా వెనక నల్లా దగ్గర వాడు కప్పు కడుగుతున్నాడు. పాత టూత్‌బ్రష్‌తో మెడ లోపల రుద్దుతున్నాడు. వాసన ఘాటుగా వస్తోంది. ఇంకా ఆపుకోలేక చెప్పేశాను.

"రంజాన్‌ల నువ్వు అడిగిన నాడు నా దగ్గర పైసలుండె."

వాడు తల ఎత్తలేదు. కప్పును నల్లా కింద తిప్పి, వెలుగుకు పట్టి చూసుకున్నాడు.

"మాలూమ్ భాయ్" అన్నాడు. "జర ఆ గుడ్డ అందుకో."